పెద్దవాళ్ళు సొంతంగా పూర్తిచేయగలిగే కాగితపు పూలు: ఏ కాలానికి ఏ పువ్వు?

గోరింట

అందరికీ నమస్కారం. మా అమ్మ ఉంటున్న ఓల్డేజ్ హోమ్‌లో వారానికి ఒకరోజు గంటసేపు నాకు అప్పగించారు. పన్నెండు మంది వస్తారు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే, అందరిలోకీ పెద్దావిడకి ఎనభై ఎనిమిది. ఏ కాలంలో పూసే పువ్వుని ఆ కాలంలో కాగితంతో మడిచి, హాల్లో కిటికీకి అంటించాలని నా ఆలోచన.

పోయిన వారం మొదలుపెట్టాను, కుదరలేదు. లిల్లీ పువ్వు వీడియో పెద్ద తెర మీద పెట్టాను. ఇంట్లో మూడుసార్లు చేసి చూసుకునే వెళ్ళాను, నాకు తేలిగ్గానే వచ్చింది. అక్కడ మాత్రం ఏడెనిమిది మడతలయ్యేసరికి సగం మంది ఆగిపోయారు. ఒక రిటైర్డ్ టీచర్ గారు కాగితం టేబుల్ మీద పెట్టేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "నా చేతులు ఇక పనికిరావమ్మా" అన్నారు. నాకు కంగారు పుట్టి, ఆవిడ పువ్వు నేనే గబగబా పూర్తిచేసి చేతిలో పెట్టాను. థాంక్స్ చెప్పారు. వెళ్ళేటప్పుడు దాన్ని టేబుల్ మీదే వదిలేసి వెళ్ళారు.

అప్పటినుంచి మనసు బాగాలేదు. కీళ్ళ నొప్పులున్నవాళ్ళు నలుగురు, చెయ్యి వణికేవాళ్ళు ఇద్దరు, చూపు తగ్గినవాళ్ళు చాలామంది. అరగంటలో పూర్తయ్యే పూలు, కత్తెర పని తక్కువగా ఉండేవి చెప్పగలరా?

తూనీగ

లిల్లీ చాలా ముందే పెట్టేశారు గోరింట గారూ. దానికి కప్ప బొమ్మకి వేసే పునాది మడతే వేయాలి. ఒకే పనిని నాలుగు వైపులా తిప్పి తిప్పి చేయాలి, పొరలు దొంతరగా పేరుకుంటాయి. అలవాటున్నవాళ్ళకే వేళ్ళు నొప్పెడతాయి.

తులిప్‌తో మొదలుపెట్టండి. మూడే మడతలు. చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకి మడిస్తే త్రికోణం వస్తుంది. పొడుగు అంచు కిందికి ఉండేలా పెట్టుకోవాలి. కుడి మూలని పైకి, కొంచెం ఏటవాలుగా, పై కొసకి పక్కన పొడుచుకొచ్చేలా మడవాలి. ఎడమ మూల కూడా అంతే. అయిపోయింది, మూడు రేకుల తులిప్. ఒక రేకు ఎత్తుగా, ఒకటి పొట్టిగా వచ్చినా తులిప్‌లాగే ఉంటుంది. కొలత తప్పితే పాడైపోయే పువ్వు మొదటిరోజు పెట్టకూడదు.

మాస్టారు_మడతలు

తూనీగ గారి మాటే నాదీ. దానికి ఒకటి కలుపుతాను. నాకు 69 ఏళ్ళు, నా ఈడువాళ్ళతోనే పదేళ్ళుగా కాగితాలు మడుస్తున్నాను. ఒక్క మడత నేర్పి, దాంతో ఏడాది పొడుగునా పూలు చేయించవచ్చు. మేం దాన్ని గాలిపటం మడత అంటాం.

చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకి ఒకసారి మడిచి విప్పండి. మధ్యలో గీత పడుతుంది. ఒక మూలకి అటూ ఇటూ ఉన్న రెండు అంచుల్నీ ఆ మధ్యగీత మీదికి తెచ్చి మడవండి. గాలిపటం ఆకారం వస్తుంది. దానికి ఒక కొస సన్నగా, ఇంకో కొస వెడల్పుగా ఉంటాయి. సన్న కొస కోణం సరిగ్గా 45 డిగ్రీలు. వెడల్పు కొస కాగితం అసలు మూలే కాబట్టి 90 డిగ్రీలు.

ఇప్పుడు ఎనిమిది గాలిపటాలు తీసుకుని, సన్న కొసలన్నీ మధ్యలో కలిసేలా అంచుకి అంచు చేర్చి పేర్చండి. ఎనిమిది నలభైఐదులు 360. చుట్టు ఖాళీ లేకుండా మూసుకుంటుంది. పసుపు కాగితంతో చేసి మధ్యలో గోధుమరంగు గుండ్రం అంటిస్తే పొద్దుతిరుగుడు. ఎండాకాలానికి అది.

అవే ఎనిమిదింటిని తిరగేసి పేర్చండి. ఈసారి వెడల్పు కొసలు మధ్యలోకి, సన్న కొసలు బయటికి. ఒక్కో రేకు అంచు పక్క రేకు మధ్యగీత మీదికి రావాలి. అలా సగం సగం ఎక్కించుకుంటూ పోతే ఎనిమిదో రేకుకి చుట్టు పూర్తవుతుంది. ఎర్ర కాగితంతో చేస్తే చలికాలంలో ఎర్రబడే పాయిన్‌సెట్టియా, తెలుపుతోనో పసుపుతోనో చేస్తే కొసలు తేలిన చామంతి.

స్కేలు అక్కర్లేదు, పెన్సిల్ గుర్తు అక్కర్లేదు. ఎక్కడ అంటించాలో కాగితం మీది గీతే చూపిస్తుంది. చూపు తగ్గినవాళ్ళు కూడా ఆ గీతని వేలితో తడిమి పట్టుకుంటారు, అందుకే దాన్ని గట్టిగా వేయించండి.

15 సెంటీమీటర్ల కాగితాన్ని నాలుగు చేస్తే 7.5 సెంటీమీటర్ల ముక్కలొస్తాయి. రెండు కాగితాలకి ఎనిమిది. వాటితో చేసిన పువ్వు అడ్డంగా సుమారు 21 సెంటీమీటర్లు ఉంటుంది, కిటికీ మీద దూరానికి కూడా కనిపిస్తుంది. గ్లూ స్టిక్ చాలు, తడి జిగురు వద్దు.

తూనీగ

మాస్టారూ, తిరగేసి పేరిస్తే ఇంకో పువ్వు అవుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఇప్పుడే చేసి చూశాను. మడతలున్న వైపు కిందికి పెట్టి, నున్నటి వైపు పైకి ఉంచాలి కదా? మడతల వైపు పైకి పెడితే వెడల్పు కొస దగ్గర కాగితం వెనక తెలుపు కనిపిస్తోంది.

మాస్టారు_మడతలు

అవునండీ, అది రాయడం మర్చిపోయాను. నున్నటి వైపే పైకి. మడతల వైపు జిగురు రాయాలి.

ఎడమచేయి

గోరింట గారూ, మీరు నేర్పేవాళ్ళ తరఫున రాశారు. నేను కూర్చునేవాళ్ళ తరఫున రాస్తాను.

నాకు 74. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడిచేయి లేస్తుంది గానీ వేళ్ళు పట్టు పట్టవు. ఎడమ చేత్తోనే మడుస్తాను. కాగితంలో కదలకూడని సగం మీద ఒక బరువైన పుస్తకం పెడతాను. మిగతా సగాన్ని ఎడమచేత్తో తెచ్చి, మూలని మూలకి ఆనిస్తాను. అక్కడ వేలు తీస్తే కాగితం మళ్ళీ లేచిపోతుంది. అందుకని మూల మీద ఒక చిన్న బరువు పెడతాను, నాది నదిలో దొరికిన చదునైన రాయి. అప్పుడు పిడికిలి పక్కభాగంతో మడతని మధ్య నుంచి చివరికి ఒత్తుకుంటూ పోతాను. ఒక్కో మడతకి ఒక నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషం నాకు ఇష్టం.

ఇక మీ టీచర్ గారి సంగతి. ఆవిడ పువ్వు ఎందుకు వదిలేశారో నాకు బాగా తెలుసు. అది ఆవిడది కాదు. "ఇటివ్వండి, నేను చేసిపెడతాను" అని ఎవరైనా నా చేతిలోంచి కాగితం తీసుకుంటే, ఆ రోజుకి నా పని అక్కడితో అయిపోయినట్టే. తర్వాత ఎంత అందమైన పువ్వు ఇచ్చినా నాకు పట్టదు. వంకరగా వస్తే రానివ్వండి, సగంలో ఆగితే ఆగనివ్వండి. సాయం చేయాలనిపిస్తే మీ కాగితం మీరు తీసుకుని, మా పక్కన కూర్చుని మడవండి. మేం చూసి చేసుకుంటాం. మీ చేతులు మా కాగితం మీద పడకుండా చూసుకుంటే చాలు.

గోరింట

ఎడమచేయి గారూ, మీ మాట రెండుసార్లు చదివాను. కోపగించుకోకుండా విడమరిచి చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ. వచ్చే వారం నా చేతుల్లో నా కాగితమే ఉంటుంది.

చేతి_వ్యాయామం

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. చేతులు దెబ్బతిన్నవాళ్ళతో రోజూ పనిచేస్తాను. పువ్వుల గురించి మాస్టారు గారు చెప్పారు కాబట్టి నేను చేతుల వరకే చెబుతాను.

మడతని బొటనవేలితో, గోరుతో గట్టిగా గీరడం అందరికీ అలవాటు. వయసు పైబడ్డాక ఎక్కువగా అరిగే కీళ్ళలో బొటనవేలి మొదట్లో ఉండేది ఒకటి, గీరినప్పుడు భారమంతా దాని మీదే పడుతుంది. బదులుగా అరచేతి పక్కభాగంతో, అంటే చిటికెనవేలి వైపుతో తోయమనండి. లేదా చెంచా వెనకభాగంతో రుద్దమనండి. చెంచా కాడ సన్నగా ఉండి పట్టు దొరక్కపోతే గుడ్డ చుట్టి లావు చేయండి.

చెయ్యి వణికేవాళ్ళు మోచేతులు, ముంజేతులు రెండూ టేబుల్ మీద ఆనించుకోవాలి. కాగితాన్ని గాల్లో పట్టుకుని మడవకూడదు. ప్రతి మడతా టేబుల్ మీదే. కింద జారని మ్యాట్ వేస్తే కాగితం పారిపోదు.

కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, మీ గంటని కాస్త పొద్దెక్కాక పెట్టుకోండి. మొదలుపెట్టేముందు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు చేతులు ఉంచితే కొందరికి హాయిగా ఉంటుంది. పావుగంటకోసారి కాగితం వదిలి వేళ్ళు చాపి ముడవమనండి. పని అయ్యాక రెండు గంటలకి కూడా నొప్పి తగ్గకపోతే ఆ రోజు ఎక్కువ చేశారని అర్థం, మర్నాటికి తగ్గించాలి. కీలు వాచి వేడిగా ఉన్నరోజు అసలు మడవద్దు. వాళ్ళు రంగులు ఎంచి పెట్టొచ్చు, పేర్చే చోటు చెప్పొచ్చు.

చూపు విషయంలో: వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, దాంతో నీలం, ఆకుపచ్చ ఒకేలా కనిపించడం మొదలవుతుంది. నీలం పువ్వుకి ఆకుపచ్చ కాడ పెడితే చాలామందికి తేడా తెలియదు. లేతరంగు కాగితమైతే కింద ముదురు గుడ్డ, ముదురు కాగితమైతే కింద లేత గుడ్డ పరవండి. మెరిసే కాగితం వద్దు, దీపం వెలుగు దాని మీద పడి గీత కనపడనివ్వదు. దీపాన్ని పనిచేసే చేతికి ఎదుటివైపు పెడితే చేతి నీడ మడత మీద పడదు.

పిచ్చుకగూడు

కాగితం మందం గురించి ఎవరూ చెప్పలేదు. నేను మొదట గట్టి డ్రాయింగ్ షీట్లు తెచ్చి పొరపాటు చేశాను, మా అత్తయ్య వేళ్ళు ఎర్రబడ్డాయి. మడతల కోసమే అమ్మే కాగితం పల్చగా ఉంటుంది, ఒకవైపు రంగు, ఇంకోవైపు తెలుపు. అదే తీసుకోండి.

మాస్టారు_మడతలు

నేను కొంచెం విభేదిస్తాను. మడతల కాగితం మంచిదే గానీ, ఎక్కువగా దొరికేది 15 సెంటీమీటర్లది. పెద్ద చేతులకి, వణికే చేతులకి అది చిన్నది. మామూలు ఏ4 రంగు కాగితం పొట్టి అంచుని పొడుగు అంచు మీదికి తెచ్చి త్రికోణంగా మడిచి, మిగిలిన పట్టీని కత్తిరిస్తే 21 సెంటీమీటర్ల చదరం వస్తుంది. తులిప్‌కి మొదటి మడత కూడా అందులోనే పడిపోతుంది. మిగిలిన పట్టీలో 8.7 సెంటీమీటర్ల చదరాలు రెండొస్తాయి. వాటిని ఆకులకి వాడుకోవచ్చు. మొదట పెద్దకాగితంతో నేర్పి, చేయి కుదిరాక చిన్నదానికి దిగండి.

ఇంకొకటి, కాగితానికి వాలు ఉంటుంది. షీటుని మడత పడకుండా రెండువైపులా మెల్లగా వంచి చూడండి. ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకోవైపు ఎదురుతిరుగుతుంది. తేలిగ్గా వంగిన దిక్కులో మడత శుభ్రంగా పడుతుంది, రెండోదాంట్లో అంచు పీచులు లేస్తుంది. విసనకర్ర మడతలు వేసే పూలకి ఇది చాలా ముఖ్యం.

పిచ్చుకగూడు

పరిమాణం విషయంలో మీరన్నది నిజం మాస్టారూ. ఏ4తో చేసి చూపిస్తే మా అత్తయ్య "ఇది నా చేతికి సరిపోయింది" అంటుంది. మందం మాత్రం పల్చగానే ఉండాలి, అక్కడ నేను మారను.

విసనకర్ర మడతతో ఇంకో పువ్వు ఉంది. పల్చటి టిష్యూ కాగితాలు ఆరు నుంచి ఎనిమిది ఒకదానిమీద ఒకటి పెట్టి, అన్నీ కలిపి విసనకర్రలా మడిచి, నడుమ దారంతో కట్టాలి. రెండు కొసలూ గుండ్రంగా కత్తిరిస్తే ముద్దబంతిలా, సూదిగా కత్తిరిస్తే చామంతిలా వస్తుంది. తర్వాత ఒక్కో పొరని మధ్యలోకి లేపుకుంటూ పోవాలి. చెయ్యి వణికి పొర చిరిగినా పువ్వులో కనపడదు, చిరిగిన అంచు రేకులాగే ఉంటుంది. అందుకే మా ఇంట్లో శరదృతువు అంతా ఇదే. విసనకర్ర మడతలు సమానంగా రావాలంటే కొలవక్కర్లేదు. సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిచి విప్పితే ఎనిమిది భాగాలు పడతాయి. ఆ గీతల మీదే ఒకటి లోపలికి, ఒకటి బయటికి తిప్పుకుంటూ పోవడమే. కట్టడం, కత్తిరించడం మాత్రం ఇద్దరు కలిసి చేస్తే బాగుంటుంది.

నీలాకాశం

మా నాన్న ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక గదిలోంచి బయటికి రావడమే తగ్గిపోయింది. పువ్వులు మడుద్దామంటే "చిన్నపిల్లల పని" అని మొహం తిప్పుకుంటారు. ఇలాంటివాళ్ళని ఎలా కూర్చోబెట్టారు మీరంతా?

మాస్టారు_మడతలు

నీలాకాశం గారూ, పువ్వుతో మొదలుపెట్టకండి. ఒక ఏ4 కాగితం ఇచ్చి మియురా మడత చూపించండి. కోర్యో మియురా అనే జపాన్ అంతరిక్ష ఇంజినీరు కనిపెట్టిన మడత అది. కాగితమంతా ఏటవాలు గళ్ళుగా మడతలు పడతాయి. రెండు ఎదురు మూలలు పట్టుకుని లాగితే ఒక్కసారిగా విచ్చుకుంటుంది, నెడితే ఒక్కసారిగా ముడుచుకుంటుంది. 1995లో జపాన్ పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్‌లో సౌర ఫలకాన్ని ఇలాగే మడిచి పంపి, పైన విప్పారు.

పెద్దల చేతుల్లో ఈ విద్య కొత్తదీ కాదు. 1797లోనే జపాన్‌లో కాగితపు కొంగల మడతల మీద పుస్తకం అచ్చయింది. అకిరా యోషిజావా 1911లో పుట్టి 2005లో పోయారు. తొంభై దాటేదాకా బతికిన మనిషి, జీవితమంతా ఇదే పని. ఇప్పుడు ఏ మడతల పటంలో చూసినా కనిపించే బాణాలు, గీతలు ఆయన పెట్టిన పద్ధతిలోంచి వచ్చినవే.

మీ నాన్నగారికి పొద్దుతిరుగుడు గురించి చెప్పేటప్పుడు పువ్వు అనకుండా, "ఈ కోణం 45 అని కొలవకుండా ఎలా నిరూపిస్తారు?" అని అడగండి. 90ని మధ్యగీత రెండు చేస్తుంది, మడతతో ఆ సగం మళ్ళీ సగమవుతుంది. అటు 22.5, ఇటు 22.5. ఇంజినీరుకి అది చాలు.

నీలాకాశం

కోణం ప్రశ్న అడిగాను. కళ్ళజోడు తెచ్చుకున్నారు. ఎనిమిది రేకులూ మడిచారు, అంటించలేదు. "సగం సగం ఎక్కిస్తూ సన్న కొసలు లోపలికి పెడితే ఎన్ని పడతాయి?" అని నన్నే తిరిగి అడిగారు. నాకు రాలేదు.

మాస్టారు_మడతలు

పదహారు పడతాయి, ఒక్కొక్కటీ 22.5 డిగ్రీలే జరుగుతుంది కాబట్టి. నిండుగా ఉండే పొద్దుతిరుగుడు అలాగే చేయాలి. మీ నాన్నగారు చాలా మంచి ప్రశ్న వేశారు. ఇంకో ఎనిమిది కాగితాలు ఆయన చెయ్యి అందేచోట పెట్టి ఉంచండి.

వాన_చినుకు

మా అమ్మకి డిమెన్షియా. ఆవిడకి పువ్వు పూర్తిచేయడం కుదరదు, రెండో మడతకి మొదటిది మర్చిపోతుంది. మొదట్లో "అలా కాదమ్మా, ఇలా" అని సరిదిద్దేదాన్ని. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి ఆవిడకి. ఇప్పుడు ఒక్క మడతే. మూల నుంచి మూలకి, త్రికోణం. ఆవిడ పద్ధతి ఒకటుంది. రెండు మూలలు కలిశాక వెంటనే ఒత్తదు. వేలికొసతో మూల చుట్టూ ఒకసారి తడిమి చూస్తుంది, ఏ పొరైనా బయటికి వచ్చిందేమో అని. అప్పుడు అరచెయ్యి మొత్తం పరిచి ఒత్తుతుంది. చీర మడతపెట్టేటప్పుడు కూడా సరిగ్గా ఇలాగే చేసేది. ఒక సాయంత్రం ఇరవైమూడు త్రికోణాలు చేసింది. ఆకుపచ్చ కాగితం ఇచ్చినరోజున అవన్నీ ఆకులు, గులాబీరంగు ఇచ్చినరోజున రేకులు. నేను వాటిని ఆవిడ ఎదురుగానే పెద్ద అట్ట మీద అంటిస్తాను, ఎక్కడ పెట్టాలో ఆవిడ వేలితో చూపిస్తుంది.

ఒక జాగ్రత్త. పూసలు, చిన్న గుండీలు పువ్వు మధ్యలో పెట్టకండి. నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. మధ్య భాగం కూడా కాగితమే ఉంచండి.

ఎడమచేయి

వాన_చినుకు గారూ, మీ అమ్మగారు చేస్తున్నది పూర్తి పనే. ఆ త్రికోణం ఆవిడది.

గోరింట

వర్షాకాలానికి తామర చేయిద్దామని ఇంట్లో ప్రయత్నించాను. నాలుగు మూలలూ మధ్యకి, అలా మూడుసార్లు, తిప్పి ఇంకోసారి. రేకులు పైకి లాగేటప్పుడు చిరిగిపోతున్నాయి. ఇది పెద్దవాళ్ళకి కుదిరేదేనా?

తూనీగ

కుదురుతుంది గానీ ముందు రెండు మార్పులు చేయాలి. ఒకటి, మామూలు కాగితం వద్దు. మెత్తటి పేపర్ న్యాప్‌కిన్ తీసుకోండి, కొంచెం మందంగా, గుడ్డలా ఉండేది. చివరికి వచ్చేసరికి పొరలు చాలా పేరుకుంటాయి, గట్టి కాగితం అక్కడే ఎదురుతిరుగుతుంది. రెండు, మూడుసార్లు బదులు రెండుసార్లే మధ్యకి మడిచి, తిప్పి ఒకసారి మడవండి. రేకులు పన్నెండు బదులు ఎనిమిదే వస్తాయి, కానీ పువ్వు పెద్దగా ఉంటుంది, చేతికి దొరుకుతుంది.

చిరగడం లాగే పద్ధతి వల్ల. మడతలన్నీ అయ్యాక మధ్యలో నాలుగు కొసలు కలిసేచోట బోర్లించిన గ్లాసు పెట్టండి. అప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒక మూల కిందికి వేళ్ళు పోనిచ్చి, కింద ఉన్న రేకుని పట్టుకుని, బయటికి కొంచెం లాగి, ఆ తర్వాత పైకి తిప్పాలి. ఒక్కసారే పైకి గుంజితే మూల దగ్గర చిరుగుతుంది. ముందు నాలుగు మూలల దగ్గరవి, తర్వాత వాటి మధ్య సందుల్లోవి.

చేతి_వ్యాయామం

గ్లాసు పద్ధతి చాలా బాగుంది, ఒక చేత్తో చేసేవాళ్ళకి కూడా పనికొస్తుంది. గ్లాసు గాజుది కాకుండా చూసుకోండి, అంతే.

ఎవరైనా ఊది ఉబ్బించే తులిప్ చేయిద్దామనుకుంటే, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళని ఊదమనవద్దు. కింద రంధ్రంలో పెన్సిల్ మొద్దువైపు దూర్చి మెల్లగా తిప్పితే పువ్వు విచ్చుకుంటుంది. ఒకరు ఊదిన పువ్వుని ఇంకొకరు ఊదడం ఎలాగూ మంచిది కాదు.

పిచ్చుకగూడు

వీడియో మాట కూడా తేల్చేయండి ఎవరైనా. మా దగ్గర వీడియో పెడితే అందరూ తెర చూస్తూ చేతులు ఆపేస్తారు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి... నేర్పేవాళ్ళకీ టెన్షనే.

మాస్టారు_మడతలు

నేను వీడియో ఎప్పుడూ పెట్టను. ఒక అట్ట మీద ప్రతి దశనీ నిజంగా మడిచి వరసగా అంటిస్తాను. మొదట చదరం, పక్కన త్రికోణం, దాని పక్కన ఒక రేకు మడిచినది, చివర పూర్తయిన పువ్వు. ఒక్కోదాని కింద పెద్ద అంకె. ఇద్దరికి ఒక అట్ట. ఎవరి వేగంలో వాళ్ళు దాన్ని ముట్టుకుని, అవసరమైతే విప్పి చూసుకుంటారు. పటాల్లోని గుర్తుల్లో రెండే నేర్పుతాను: చిన్న గీతలు వరసగా ఉంటే మన వైపుకి మడత, గీతా చుక్కా కలిసి ఉంటే వెనక్కి మడత. మిగతావి ఎవరైనా అడిగితేనే.

గోరింట

రెండు వారాలయింది, జరిగింది రాస్తాను.

మొదటి వారం తులిప్. లేతరంగు ఏ4 కాగితాల్లోంచి 21 సెంటీమీటర్ల చదరాలు, కింద ముదురు గుడ్డలు, ఇద్దరికి ఒక అట్ట, తలా ఒక చెంచా. మొదటి పది నిమిషాలు నాకు చాలా కష్టంగా గడిచింది. ఎవరో ఒకరి మూల జరిగిపోతూనే ఉంది, నా చెయ్యి ముందుకి పోతూనే ఉంది. చేతిలో నా కాగితం ఉండబట్టి ఆగాను.

టీచర్ గారికి మొదటి రేకు ఎత్తుగా వచ్చింది. చూసుకుని, విప్పారు. మళ్ళీ మడిచారు. ఈసారి మరీ కిందికి వచ్చింది. మళ్ళీ విప్పారు. కాగితం ఆ మడత దగ్గర గుడ్డలా మెత్తబడిపోయింది. కొత్తది ఇవ్వనా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. అట్ట మీది మూడో నమూనాని తన పువ్వు పక్కకి జరుపుకుని, రేకు కొస ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూసుకుని, అంతే ఎత్తులో తనది ఆపి, చెంచాతో ఒత్తారు. గంటలో మిగతావాళ్ళు రెండు మూడు చేశారు, ఆవిడది ఒకటే.

రెండో వారం గాలిపటం మడత పెట్టాను. పన్నెండు మందీ కలిసి ఒక్కొక్కరు రెండేసి రేకులు మడిచారు, మూడు పొద్దుతిరుగుళ్ళు వచ్చాయి. వణికే చేతులవాళ్ళిద్దరూ మధ్య గుండ్రాలు అంటించారు. టీచర్ గారి పక్కన కొత్తగా ఒకాయన చేరారు. నేను అటు వెళ్ళేలోపే ఆవిడ తన కాగితం తీసి ఆయన ఎదురుగా పెట్టి, "ముందు మధ్యగీత గట్టిగా వేయండి, తర్వాత అన్నీ దాని మీదే ఆధారపడతాయి" అని చెబుతున్నారు. ఆయన కాగితాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడు అందరూ తులిప్‌లకి కాడలు కావాలంటున్నారు. పైపుల్లాంటివి అంటిస్తే పువ్వు బరువుకి వాలిపోతోంది. మడతతోనే చేసే కాడ ఏదైనా ఉందా?

తూనీగ

ఉంది, వాళ్ళకి వచ్చిన గాలిపటం మడతే. ఆకుపచ్చ చదరంతో గాలిపటం చేసి, వెడల్పు కొస వైపు అంచుల్ని కూడా మధ్యగీతకి తెచ్చి మడిస్తే సన్నటి వజ్రం ఆకారం వస్తుంది. దాన్ని కొస నుంచి కొసకి సగానికి మడిచి, మళ్ళీ పొడుగునా సగానికి మడవాలి. బయటి కొసని కొంచెం పక్కకి లాగితే ఆకు, నిలబడిన కొస కాడ. దానంతట అదే నిలబడుతుంది. తులిప్ అడుగు మూలని గోరంత కత్తిరించి, కాడ కొసని అందులోకి దూర్చండి. పువ్వుకి వాడిన కాగితం 21 అయితే కాడకి కూడా 21దే తీసుకోండి, చిన్నదైతే మళ్ళీ వాలిపోతుంది.

ఎడమచేయి

పొడుగునా సగానికి మడిచేచోట పొరలు మందంగా ఉంటాయి, పిడికిలితో నాకు సరిగ్గా పడలేదు. పుస్తకం మూసి దాని మీద రెండు నిమిషాలు మోచెయ్యి ఆనిస్తే పడింది. మీ టీచర్ గారికి చెప్పండి.